మూడు సర్వర్ల అక్క

పోయిన వారం బెంగళూరు నుంచి ఒకాయన ఫోన్ చేసినాడు. మా మూడు ఊర్ల మెయిళ్ళనూ కలిపి ఒకే కొత్త సిస్టంలోకి మారుస్తున్న కంపెనీ మనిషి. మాట మర్యాదగానే ఉంది. "సార్, మీ పేరు పక్కన ‘కదిరి, మగ్గాలు’ అని ఉంది. అది ఉద్యోగమా, ఊరా? ఏ గడిలోనూ సరిపోవడం లేదు. తీసేయమంటారా?" అన్నాడు.

నాకు చర్రున మండింది. "దాని మీద చెయ్యి పెడితే బాగుండదు, చెప్తాండా" అన్నాను. ఆయన బిత్తరపోయి, "లేదు సార్, ఊరికే అడిగినా" అన్నాడు. పాపం, ఆయన తప్పేముంది? అది రాసింది ఎవరో ఆయనకు తెలీదు. రాసినామె పోయిన కార్తీకంలో పోయింది. హిందూపురంలో ఆమె దినాలకు మూడు ఊర్ల నుంచీ జనం వచ్చి, వేసిన పందిరి చాలక రోడ్డు మీద నిలబడినారు. అంత మంది చుట్టాలు ఆమెకు లేరు. మేమంతా ఆమె అడ్రస్ బుక్కులోని మనుషులం.

ఆమె పేరు ఇక్కడ రాయను. అడగకుండా ఒకరి పేరు ఎక్కడా ఎక్కించకూడదనేది ఆమె పెట్టుకున్న చట్టం. అడుగుదామంటే ఇప్పుడు ఆమె లేదు. ఇందులో వచ్చే మిగతా పేర్లు వాళ్ళను అడిగే రాస్తున్నాను. మేమందరం అక్కా అనే పిలిచేవాళ్ళం, ఆమె కంటే పెద్దవాళ్ళతో సహా.

ముందు ఆ సర్వర్ల సంగతి చెప్పాలి. మా పట్టు వ్యాపారం ముగ్గురు అన్నదమ్ములది. పెద్దసారు హిందూపురంలో పట్టు గూళ్ళు కొని నూలు తీయిస్తాడు. నడిపి సారు పెనుకొండలో ఆ నూలుకు రంగు వేయిస్తాడు. చిన్నసారు ధర్మవరంలో ఆ రంగు నూలుతో చీరలు నేయిస్తాడు. నేను చిన్నసారు కాడ మగ్గాలు చూసుకుంటాను. ఏ చీరకు ఏ రంగు కావాలో పెనుకొండకు రాసి తెప్పించుకోవడం నా పని. వాళ్ళ నాయన ఉన్నంత కాలం ముగ్గురిదీ ఒకటే సంసారం. ఆయన పోయినాక భాగాలు పంచుకున్నారు. ఇంట్లో పొయ్యిలు వేరు పడినట్టు మెయిళ్ళు కూడా వేరు పడినాయి. ఒకరి మెయిలు ఒకరు చదువుతారేమోనని ఎవరి సర్వరు వాళ్ళు పెట్టుకున్నారు. అదీ ఒకదానికొకటి పొసగని రకాలు వెతికి మరీ తెచ్చుకున్నారు, మహానుభావులు.

వేరు పడితే పడినారు, నూలు లేకుండా రంగు దేనికేస్తారు? రంగు లేకుండా చీర ఎట్ల నేస్తారు? ఆర్డర్లు మెయిల్లో పోవాల్సిందే, రావాల్సిందే. ఒకసారి ఎవడో పోటీవాడు పెద్దసారు పేరు పెట్టుకొని, రంగు మార్చండని పెనుకొండకు మెయిలు కొట్టినాడు. ఒక పెండ్లి ఆర్డరంతా పాడైపోయింది. ముగ్గురూ కలిసి ఒప్పుకున్న మాట ఏదన్నా ఉందంటే అది ఆ తర్వాత ఒప్పుకున్నదే: తమ అడ్రస్ బుక్కులో లేని మనిషి పంపిన ఆర్డరును సర్వరు లోపలికే రానియ్యకూడదు. ధర్మవరంలో కొత్తగా ఎవరన్నా చేరితే, ఆ మనిషి అడ్రసు పెనుకొండ బుక్కులోకి ఎక్కేదాకా రాసింది రాసినట్టు గాలికి పోతుంది.

ఆ మూడు బుక్కులనూ ఒకదానితో ఒకటి సరిచూసి నడిపే పని అక్కది. ముగ్గురికీ కలిపి ఉన్న ఉద్యోగి ఆమె ఒక్కతే. సర్వర్లు ఒకదానితో ఒకటి కలపకూడదు, ఫైలు మెయిల్లో పంపకూడదు అని ముగ్గురూ గట్టిగా చెప్పినారు. అందుకని ఆమె పేర్లన్నీ పెన్ డ్రైవ్‌లోకి దించుకొని, పెన్ డ్రైవ్‌ను కుంకుమ భరిణెలో పెట్టుకొని, భరిణెను టిఫిన్ సంచిలో దాచుకొని రైలెక్కేది. హిందూపురం పేర్లు పెనుకొండలో ఎక్కించి, ఆ రెండూ కలిపి ధర్మవరంలో ఎక్కించి, మళ్ళీ ధర్మవరంలో మారినవి ఎత్తుకొని వెనక్కి పోయేది. ప్రతి వారం ఇదే తిరుగుడు. "ఇది కంప్యూటర్ పనా, పాల వాడుకనా?" అని నేను ఎగతాళి చేస్తే, "పాలు విరిగితే ఒక పూట కాఫీ పోతాదప్పా, ఇది విరిగితే మీ మగ్గాలు నిలబడిపోతాయి" అనేది.

ఎం.సి.ఏ. చదివిన మనిషి. అణిగిమణిగి ఉండే రకమైతే కాదు. "ఈ పని నా కంటే బాగా చేసేవాళ్ళు ఈ జిల్లాలో ఎవరన్నా ఉంటే రమ్మనప్పా, నేను లేసి కుర్చీ ఇస్తా" అని అందరి ముందరా అనేది. ఎవరూ రాలేదు, ఆమె లేసిందీ లేదు. కళ్ళద్దాలు నెత్తిమీదికి తోసుకొని, కాసేపటికి అవే అద్దాల కోసం బల్లంతా తడిమేది. వేయించిన చెనిక్కాయలు తింటూ కీబోర్డు కొట్టేది. పక్కన వేరే ఎవరన్నా ఒక్క గింజ నోట్లో వేసుకుంటే మాత్రం, "పొట్టు పడతాది, బయటికి పో" అని తరిమేది. ఇదేం న్యాయమక్కా అంటే, నా పొట్టు యాడ పడతాదో నాకు తెలుసు అనేది.

తెర మీద పేర్లు ఒక్కొక్కటే కిందికి జరుపుతా వాటితో మాట్లాడేది. "నువ్వెవరప్పా కొత్తగా? నీ ఇంటి పేరు ఈడ ముందర ఉండాది, ఆడ ఎనక ఉండాది, నిలకడగా ఉండేది నేర్చుకో." ఒక సర్వర్లో పేరూ ఇంటిపేరూ ఒకే గడి, ఇంకో దాంట్లో రెండు గడులు. మూడో దాంట్లో తెలుగు అక్షరాలు పెడితే డబ్బాలుగా మారిపోయేవి. అన్నిటినీ చేత్తో సరిచేసి, ఎక్కించే బటన్ నొక్కేటప్పుడు కాలిన పెనం ముట్టుకున్నట్టు వేలు చటుక్కున వెనక్కి తీసుకునేది.

నేను పనిలో చేరిన కొత్తలో ఆమె ఫోన్ చేసింది. "ఏమప్పా నరసింహులూ, నిన్ను ఎక్కిస్తాండా. కదిరి సామి దయ, నా కాడ నరసింహులు చాలామంది ఉండారు. నిన్ను వేరే ఎట్ల గుర్తుపట్టేది?"

"ఎంప్లాయీ నంబరు వేయండి మేడం" అన్నాను.

"నంబరు పెట్టి పిలిస్తే పలుకుతావా నువ్వు? మీ ఇంట్లో అట్ల పిలుస్తారా? యాడిదప్పా మీ ఊరు?"

"కదిరి."

"ఏం చూస్తావు?"

"మగ్గాలు."

"అయిపాయ. నువ్వు కదిరి మగ్గాల నరసింహులు. రంగుల షెడ్డులో ఉండేటాయన రామగిరి నరసింహులు. ఎక్కించమంటావా?"

"ఎక్కించండి" అన్నాను. నా అనుమతి అడిగి ఎవరన్నా ఒక పని చేయడం నా ఉద్యోగంలో అదే మొదలు. ఆ పూట మీసం మీద చెయ్యి వేసుకొని తిరిగినాను, దాచుకోను.

అదీ ఆమె చట్టం. చెప్పకుండా చేర్చేది లేదు, చెప్పకుండా తీసేది లేదు. ఫోన్ నంబరు మార్చుకొని చెప్పని వాళ్ళను రైలు దిగి వెతుక్కుంటూ పోయి తిట్టేది. "ఇంత మందికి ఫోన్లు చేసే బదులు టకటకా ఎక్కించేసి పోవచ్చు కదక్కా" అని ఒకసారి అన్నాను. ఆమె అద్దాలు దించి నన్ను పైకీ కిందికీ చూసింది. "మీ ఇంటి తలుపు మింద నీ పేరు ఎవరో వచ్చి చెరిపేసి పోతే సుమ్నే ఊరుకుంటావా?" అనింది. ఊరుకోనన్నాను. "అయితే నోరు మూసుకొని టీ తాగు."

తప్పు చేయలేదా అంటే చేసింది, అదీ మామూలు తప్పు కాదు. ఒక వారం పేర్లను అక్షరాల వరుసలో పెట్టబోయి, పేర్ల గడులు మాత్రమే జరిపింది, పక్కనున్న అడ్రసులను జరపలేదు. అందరి పేర్లకూ పక్కోడి అడ్రసు అతుక్కుంది. పెద్దసారు తన వకీలుకు తమ్ముళ్ళ మీద రాసుకున్న మెయిలు మా ధర్మవరం క్యాంటీన్ ఆయనకు వచ్చింది. ఆయన చదువుకొని, మంచి మనిషి కాబట్టి, "అయ్యా, కోపం వద్దు, అన్నదమ్ములు కదా" అని జవాబు కూడా ఇచ్చినాడు.

ఇంకొకరైతే సర్వరు మీదికో, కరెంటు మీదికో తోసేసేవాళ్ళు. అక్క మూడు ఊర్లలో ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. "తప్పు నాది. సర్వరుది కాదు, నాది. నేను మళ్ళ చెప్పేదాకా ఎవరికీ ఏమీ పంపద్దండి." మా చిన్నసారు, "పోనీలేమ్మా, ఎవరికీ చెప్పకుండా సరిచేసేయ్, పరువుకు పరువు ఉంటుంది" అన్నాడు. "సార్, బాగా చేసినప్పుడు నేనే చేసినానని డప్పు కొట్టుకుంటాండా కదా. ఇది కూడా నేనే చేసినా" అనింది. ఆ మాట తల వంచుకొని అనలేదు, మామూలుగా గొప్పలు చెప్పుకునే గొంతుతోనే అనింది. నాకు ఆమె అంటే గౌరవం అప్పుడు పుట్టింది. అంతకు ముందు ఉండింది ఉత్త భయం.

ఇంక అసలు సంగతికి వస్తాను. శ్రావణ మాసం ముందర. చీరలకు మాకు ఊపిరాడని కాలం. పెనుకొండలో రంగులు చూసి ఖాయం చేయడానికి నేను పోయి ఉన్నాను. అక్క కూడా ఆ పొద్దు అక్కడే ఉంది. నడిపి సారు గదిలోనే ఒక మూల సర్వరు ఉంటుంది, దాని ముందర కూర్చొని పేర్లు సరిచూస్తా ఉంది. నడిపి సారు వచ్చినాడు. మొహం కందగడ్డ అయిపోయింది. ముందు రోజు చుట్టాల పెండ్లిలో పెద్దసారు పదిమందిలో, "మా తమ్ముని రంగు రెండో ఉతుకుకే దిగిపోతాది" అని నవ్వులాటకు అన్నాడంట. రంగు మీద బతికే మనిషిని రంగు మీద అంటే ఎట్ల తట్టుకుంటాడు?

"ఏమ్మా" అన్నాడు. "మా వాళ్ళ పేర్లు ఆ రెండు బుక్కుల్లోనూ ఉండకూడదు. వాళ్ళ పేర్లు మా దాంట్లో ఉండకూడదు. ఈ పొద్దే తీసేయ్."

నేను రంగు నూలు చేతిలో పట్టుకొని ఆ గదిలోనే ఉన్నాను. ఆ పేర్లు పోతే మా ఆర్డరు పెనుకొండ సర్వరులోకి పోదు. రంగు రాదు. శ్రావణంలో మగ్గాలు ఆగిపోతాయి, వాటి మీద బతికే వాళ్ళు ఇంట్లో కూర్చోవాల. మూడు బుక్కులు మూడుగా విడిపోతే అక్కకూ ఇంక పని లేదు. ఇదంతా నాకంటే ముందు ఆమెకే తెలుసు. ఆమె ఏమన్నా వాదిస్తుందేమో, గొడవ పెట్టుకుంటుందేమో అని చూసినాను. గొడవకు ఆమె ఎప్పుడూ సిద్ధమే కదా.

"తీస్తా సార్" అనింది. "మీ సర్వరు, మీ ఇష్టం. ఇది అయినాక మీకు నేను అక్కరలేదు, అదీ తెలుసు. ఈడ ఉండేవి ఇప్పుడు తీస్తా, ఆడ ఉండేవి రేపు పోయి తీస్తా. చెప్పకుండా మాత్రం తీయను. అందరికీ ఇప్పుడే చెప్తా."

"చెప్పుకో. ఎవరొద్దన్నారు?" అని ఆయన కుర్చీలో కూర్చున్నాడు.

ఫోను చెవికి పెట్టుకునే అలవాటు అక్కకు లేదు. రెండు చేతులూ కీబోర్డు మీద ఉండాలి కాబట్టి, ఎవరితో మాట్లాడినా స్పీకర్లో పెట్టి బల్ల మీద పెట్టేది. ఆ పొద్దూ అట్లనే పెట్టింది. మొదట కింద షెడ్డులోని రామగిరి నరసింహులన్నకు చేసింది. సార్ల నాయన కాలం నుంచీ అక్కడ రంగులు కలిపే మేస్త్రీ ఆయన.

"అన్నా, నేను. ధర్మవరం, హిందూపురం బుక్కుల్లో నుంచి నీ పేరు తీస్తాండా. సార్ చెప్పినారు."

అవతల నీళ్ళు మసలే చప్పుడు వినపడింది. దాని మధ్యలో ఆయన గొంతు వచ్చింది. "నేనేం తప్పు చేసినానమ్మా?"

"తప్పు నీది కాదన్నా."

"మరి సారుకు ఎందుకు కోపమొచ్చింది? నిన్నటి మెరూన్ బాగొచ్చిందే. సారు చూడలేదేమో. రోంత చూడమని చెప్పమ్మా."

అక్క ఫోను పెట్టేసింది. సారు వైపు చూడలేదు. రెండో ఫోన్ మా ధర్మవరానికి చేసింది, మేరమ్మకు. ఏ మగ్గానికి ఏ రంగు నూలు పోవాలో చూసి ఇచ్చే మనిషి మేరమ్మ.

"అయ్యో, నేనేం చేసినానక్కా?" అనింది మేరమ్మ కూడా. "ఇంగ నేను రాసింది పెనుకొండకు పోదా? మగ్గాల వాళ్ళు పొద్దున్నే వచ్చి నూలు యాడమ్మా అని నిలబడతారు. పండగ ముందర పని లేదని నా నోటితో చెప్పాల్నా?"

"తప్పు నీది కాదు మేరమ్మా" అని పెట్టేసింది.

మూడో ఫోన్, నాలుగో ఫోన్. హిందూపురం నూలు గోడౌనులో ఓబులేసు, బండ్లు పంపే ఆదినారాయణ. ఎవరికి చేసినా ముందు అడిగేది ఆ ఒక్క మాటే. నేనేం తప్పు చేసినా? ఒక్కరన్నా, పోనీ, తీసుకో అనలేదు. ఒక్కరన్నా సారును తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకు సులువుగా ఉండేది.

నడిపి సారు కుర్చీలో అటూ ఇటూ కదిలినాడు. "ఏమ్మా, నేనేమన్నా పనిలో నుంచి తీసేస్తాండానా? ఉత్త అడ్రసే కదా ఇది!"

"అవును సార్, ఉత్త అడ్రసే" అనింది అక్క. "ఆ మాట వాళ్ళకు మీరు చెప్తారా?"

ఆమె తెర మీద ఇంకో పేరుకు దిగింది. "తర్వాత పెద్దసారు."

"ఆయనకు చేయద్దు."

"చెప్పకుండా తీయను సార్."

"నేను చెప్తాండా కదమ్మా తీయమని!"

"నాకు కాదు సార్, ఆయనకు చెప్పల్ల. అన్నా, నీ పేరు తీస్తాండా అని ఒక్క మాట. మీరు చెప్పండి, నేను తీసేస్తా." ఫోను బల్ల మీద ఆయన వైపుకు జరిపింది.

ఆ అన్నదమ్ములు మాట్లాడుకోక ఎంత కాలమైందో పెనుకొండలో ఎవరిని అడిగినా చెప్తారు. ఆయన ఫోను వైపు చూసినాడు, కిటికీ వైపు చూసినాడు. నేను ఆ గదిలో ఎందుకుండానా అనిపించింది నాకు.

"ఉండనీలే" అన్నాడు చివరికి.

"ఎవరిని సార్?"

"అందరినీ ఉండనీమ్మా."

నేను ఎగిరి గంతేసినంత పని చేసినాను. అక్క మాత్రం కుర్చీలో నుంచి కదల్లేదు. మొహంలో సంతోషమూ లేదు. "అట్ల కాదు సార్" అనింది. "తీస్తాండానని నేను చెప్పినా. ఉండారని మీరు చెప్పండి."

ఏం గుండె ఆ మనిషిది! జీతమిచ్చే యజమాని, పొద్దున్నుంచి కోపంతో ఉడికిపోతున్న మనిషి. ఇంక చాలనుకొని సంచి సర్దుకొని బయటపడకుండా, ఆయన ముందర కూర్చొని నంబర్లు కలిపి ఇచ్చింది. ఆయన ఏమనుకున్నాడో గాని, ముందుకు వంగి మాట్లాడినాడు.

"నరసింహులూ, నేనప్పా. నీ పేరు యాడికీ పోలేదు. ఉండాది." ఫోను ఇంకా దగ్గరికి జరుపుకొని, "మెరూన్ చూసినా. బాగుండాది" అన్నాడు. అవతల ఆ పెద్దాయన, "సరే సార్, సరే సార్" అని ఎన్నిసార్లన్నాడో.

మేరమ్మకు ఆయన గొంతు తెలీదు. "ఎవరు సార్ మీరు?" అనింది. "నేనమ్మా, పెనుకొండ నుంచి. నువ్వు రాసింది నాకు వస్తాది. నూలు పంపిస్తా. మగ్గాల వాళ్ళకు చెప్పు" అన్నాడు. ఓబులేసుకు చెప్పినాడు. ఆదినారాయణకు చెప్పినాడు. ఒక్కొక్క ఫోనుకూ ఆయన గొంతు మామూలు మనిషి గొంతు అయిపోతా వచ్చింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. రంగుల ఘాటుకు అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

"అంతే సార్" అని అక్క తన ఫోను తీసుకోబోయింది. "పెద్దసారుకు మనం తీస్తాండామని చెప్పలేదు కాబట్టి, ఆయనకు మళ్ళ చెప్పే పని లేదు."

ఆయన ఫోను మీద నుంచి చెయ్యి తీయలేదు. "ఆ నంబరు కూడా కలుపు" అన్నాడు.

ఆమె కలిపింది. కలిపి, స్పీకరు ఆపేసింది. ఆమె స్పీకరు ఆపడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఫోను ఆయన చేతికిచ్చి, నా చొక్కా పట్టుకొని బయటికి లాక్కొచ్చి తలుపు దగ్గరికి వేసింది. తలుపు పూర్తిగా పడకముందే, "అన్నా, నేను" అనే మాట వినపడింది.

"అక్కా! నీ ఉద్యోగం నిలబడింది" అన్నాను పట్టలేక.

"నా ఉద్యోగం సంగతి నువ్వెత్తద్దు" అని కసిరింది. "తిక్కనా నీకు? లోపల మనుషులు మాట్లాడుకుంటాండారు, గొంతు తగ్గించు."

అంతలో రామగిరి నరసింహులన్న మెరూన్ నూలు భుజాన వేసుకొని, సారుకు చూపిద్దామని గబగబా మెట్లెక్కి వచ్చినాడు. అక్క తలుపుకు అడ్డంగా నిలబడి, నడుము మీద చెయ్యి వేసుకొని, "ఇప్పుడు లోపలికి ఎవరూ పోయేది లేదన్నా, సార్ వాళ్ళన్నతో మాట్లాడుతాండారు" అనింది, కింద రంగుల షెడ్డంతా వినపడేటట్టు.